పని లేని నడక

ఎర్రగట్టుపల్లె,
8 జూలై 1928, ఆదివారం

ప్రియమైన నాయనకు,

నీ కూతురు విజయమ్మ బాగానే ఉంది. ఆ మాట మొదటే రాయకపోతే అమ్మ మిగతా ఉత్తరం చదవనివ్వదని ముందుగా రాశాను.

బోర్డు వాళ్ళు ఇచ్చిన ఈ బడి ఊరి చావడిలోనే. పిల్లలు ముప్ఫై ఒక్కరు. హనుమంతునిపాడు ఇక్కడికి మూడు మైళ్ళు. ఊళ్ళో అందరివీ జీవాలే, గొర్రెలు లేని ఇల్లు లేదు. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని పలకలు దిద్దుతాను. కూర్చుని కూర్చుని నా ఒళ్ళు ఎంత పెరిగిందంటే, పోయిన నెల పొదిలిలో డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి, "ఇరవై నాలుగేళ్ళకే ఈ ఆయాసమేమిటి? రోజూ రెండు మైళ్ళు నడువు" అంది. ఎక్కడికి నడవాలని అడిగాను. ఎక్కడికీ కాదని నవ్వింది.

నాయనా, నడక అంటే నాకు చిన్నప్పటి నుంచి శిక్షే. నెత్తిన బిందె పెట్టుకుని బావికి నడిచాను, ఎండలో బడికి నడిచాను. ట్రైనింగులో డ్రిల్లు చేయించిన అయ్యవారు కాలు తప్పు పడితే బెత్తంతో పిక్కల మీద కొట్టేవాడు. ఇప్పుడు పొద్దున్నే లేచి ఊరవతల ఎర్రగట్టు దాకా పోయి వస్తున్నాను, చేదు మందు మింగినట్టు. అడుగులు లెక్కపెడతాను. రెండు వేల నాలుగు వందలు కాగానే వెనక్కి తిరుగుతాను.

ఇక్కడ తెల్లవారుజామున చెంబు చేతిలో లేకుండా బయటికి పోయే ఆడది లేదు. బడి ఊడ్చే శ్రీశైలమ్మవ్వ నన్ను ఆపి, "చెంబేది పంతులమ్మా?" అని అడిగింది. ఉత్తనే నడుస్తున్నానని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి పోయింది.

అమ్మకు నా ముద్దులు.

నీ కూతురు
విజయమ్మ


మార్కాపురం,
17 జూలై 1928

చిరంజీవి విజయమ్మకు ఇశ్రాయేలు దీవించి రాసేది.

నీ ఉత్తరం చేరింది. మీ అమ్మ మగ్దలీనమ్మ రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి డాక్టరమ్మను తిట్టింది, ఒళ్ళు చేయడం కూడా ఒక జబ్బేనా అని.

ఇరవై ఎనిమిదేళ్ళు టపా సంచి భుజాన వేసుకుని ఉరికినాను తల్లీ. ఇక్కడి నుంచి పొదిలి దారిలో ఆరు మైళ్ళు పోను, ఆరు మైళ్ళు రాను. ఎండనక, వాననక, వాగు పొంగినా ఆగకుండా. ఒక్కనాడు కూడా సరదాగా ఉరకలేదు. సరదాకు ఉరికేది గుర్రప్పిల్లలు. నా మోకాళ్ళు ఇప్పుడు ఏ గతి పట్టినాయో నీకు తెలుసు, చర్చి మెట్లు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఒళ్ళు దేవుడిచ్చిన సరుకు, ఊరికే ఖర్చు చేయకు.

ఇంకొక మాట, దీన్ని నవ్వులాటగా తీసుకోకు. నేను ఎన్నో ఊళ్ళ మీదుగా పోయినాను. దారిలో కనపడ్డ మనిషిని మన జనం మొదట అడిగేది ఎక్కడికి అనే. జవాబు ఉన్న మనిషిని వదిలేస్తారు. జవాబు లేని మనిషిని చూస్తే భయపడతారు, ఆ భయం ఎటు తిరుగుతుందో చెప్పలేం. పోక తప్పదంటే చెంబు పట్టుకుని పో. అడిగితే చూపించు.

దీవెనలతో
ఇశ్రాయేలు


ఎర్రగట్టుపల్లె,
14 ఆగస్టు 1928

ప్రియమైన నాయనా,

చెంబు పట్టుకుని రెండు రోజులు పోయాను. మూడో రోజు దారిలో ఎక్కడో పెట్టి మరిచిపోయాను. కొత్త చెంబు, అమ్మకు చెప్పకు.

మరిచిపోయిన కారణం నీకు రాయాలనే ఈ ఉత్తరం. ఆ రోజు రాత్రంతా వాన పడి పొద్దునకు తెరిపి ఇచ్చింది. ఎర్రమట్టి చెప్పులకు అంటుకుంటుంటే తీసి చేత్తో పట్టుకున్నాను. చల్లటి నేల. గట్టు ఎక్కి చూస్తే ఊరు అంత దూరాన కనిపించింది. అప్పుడు తట్టింది, నేను అడుగులు లెక్కపెట్టలేదని. కాళ్ళు వాటంతట అవే పోయాయి, చేతులు వాటంతట అవే ఊగాయి, ఆయాసం లేదు. నాకు ఏడుపొచ్చింది నాయనా. ఇరవై నాలుగేళ్ళు ఈ ఒంటిని బరువులు మోసే బండి అనుకున్నాను. ఇది నాదని, నాకు సంతోషం ఇవ్వగలదని ఎవరూ చెప్పలేదు. నువ్వు కూడా చెప్పలేదు. నీకూ ఎవరూ చెప్పి ఉండరు.

ఇప్పుడు నాకు తోడు దొరికింది. పేరు పోలమ్మ. గొర్రెల మందలున్న కాటమరాజు తమ్ముడి భార్య. రెండేళ్ళ కింద మొగుడు పాము కరిచి పోయాడు. ఇరవై రెండేళ్ళ పిల్ల, దొడ్డి వెనక చిన్న కొట్టంలో ఒక్కతే ఉంటుంది. చీకటితో ఒకసారి బయటికి వచ్చిపోతే మళ్ళీ మర్నాటి దాకా గడప దాటదు. కాళ్ళు నీరు పట్టి ఉబ్బాయి. నన్ను రోజూ చూస్తోందట. ఒకనాడు దగ్గరికొచ్చి, "అక్కా, నీ యెనక వస్తే తప్పా?" అని అడిగింది. ఏం తప్పని తీసుకుపోయాను.

మొదటి రోజు వాగు దాకా కూడా రాలేకపోయింది. ఇప్పుడు నన్నే దాటిపోతుంది. మొన్న గట్టు మీద నుంచి పందెం వేసుకుని కిందికి ఉరికాం. పోలమ్మ చీర ఎగ్గట్టి ఎంత జోరుగా పోయిందో చూడాల్సింది. కింద ఆగి వెనక్కి తిరిగి పకపకా నవ్వింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రెండేండ్లాయ నవ్వి. ఎవురన్నా యిన్యారా అక్కా?" అని చుట్టూ చూసింది. ఎవరూ వినలేదని చెప్పాను. నిజానికి అవతలి చేలో ఒకడు నాగలి ఆపి చూస్తున్నాడు.

ఊళ్ళో జీవాలకు బొబ్బ రోగం తగిలింది. ఈ వారంలో పదకొండు గొర్రెపిల్లలు చచ్చాయి. నిన్న కాటమరాజు బడి దగ్గరికి వచ్చి, "పంతులమ్మా, పొద్దున్నే ఎవురి కోసరం తిరుగుతుండావు?" అన్నాడు. నా కోసమేనని చెప్పాను. అతను నా ముఖం చూడలేదు. చాలాసేపు నా పాదాలనే చూసి పోయాడు.

ప్రేమతో
విజయ


మార్కాపురం,
22 ఆగస్టు 1928

చిరంజీవి విజయమ్మకు,

ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నాకెవరూ చెప్పలేదని రాసినావు. నిజమే. అయినా ఎంత దురుసుగా రాస్తావు తల్లీ.

మూడో రోజు మీ అమ్మకు చెప్పకుండా పలకల గనుల దారి పట్టి కొంత దూరం పోయి వచ్చినాను. ఏమీ మోయకుండా. సంచి లేని భుజం ఎట్లుంటుందో మరిచిపోయినాను. మోకాళ్ళు మాత్రం వాటి పని అవి చేసినాయి, ఇప్పుడు మంచం మీద ఆముదం పట్టించుకుంటూ రాస్తున్నాను. మీ అమ్మ నవ్వు పక్కింటికి వినపడుతోంది.

నాకు ఇప్పుడు వేరే దిగులు పట్టుకుంది. హనుమంతునిపాడు పక్క రాతి తిప్పల్లో చిరుత తిరుగుతోందని టపా ఆఫీసులో అనుకుంటున్నారు. మీరిద్దరూ ఆడవాళ్ళు, మసక చీకట్లో ఆ గట్టు మీదికి పోతున్నారు. అందుకని టపా మోసిన నాటి నా గజ్జెల కర్ర పంపుతున్నాను. పింఛను పుచ్చుకున్న నాడు సర్కారు బిళ్ళ, నడుము పటకా తీసుకున్నారు కానీ, కర్ర చివర చీలిందని నాకే వదిలేసినారు. తీగతో బిగించినాను. అడుగు వేసినప్పుడల్లా నేలకు తాటించు. ఆ చప్పుడు వింటే చిరుత తప్పుకుంటుంది, పాము తప్పుకుంటుంది. మనుషులు పక్కకు జరిగి దారి ఇస్తారు. గజ్జెలు వినపడితే టపా మనిషని అందరికీ నమ్మకం. దానితో నన్ను ఎవరూ ఎక్కడికని అడగలేదు.

పోలమ్మకు నా దీవెనలు చెప్పు. మా ఇల్లు కూడా తన ఇల్లేనని చెప్పు. మార్కాపురంలో టపా ఇశ్రాయేలు అంటే ఎవరైనా చూపిస్తారు.

దీవెనలతో
ఇశ్రాయేలు


ఎర్రగట్టుపల్లె,
9 సెప్టెంబరు 1928, ఆదివారం

ప్రియమైన నాయనా,

కర్ర చేరింది. పోలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని వదలదు. గజ్జెల చప్పుడుకు అడుగు కలిపితే ఎంత దూరం పోయినా అలుపు తెలియడం లేదు. ఇప్పుడు గట్టు దాటి, పొలిమేర రాళ్ళ వెంబడి ఊరంతా చుట్టి వస్తున్నాం. నాలుగు మైళ్ళుంటుంది. పోలమ్మ కాళ్ళ వాపు తీసేసింది. "కడుపు నిండా తిన్నట్టుండాది అక్కా" అంటుంది, నడక అయిపోగానే.

నువ్వు చెప్పినట్టే అయింది. గజ్జెలు వినపడగానే జనం దారి ఇస్తున్నారు. మొదట్లో ఆరా తీసినవాళ్ళు ఇప్పుడు పల్లెత్తు మాట అనడం లేదు. మేం వస్తుంటే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి పిలుచుకుని తలుపు వేసుకుంటారు, మాకు అడ్డం రాకుండా. శ్రీశైలమ్మవ్వ నా గది ముందు నిమ్మకాయ ఒకటి కోసి పెట్టి పోయింది. దిష్టి తీసిందేమో, మంచి ముసలామె. మొత్తానికి అలవాటు పడ్డారు. నాకు ఇప్పుడు ధైర్యంగా ఉంది.

జీవాలు మాత్రం రోజూ చస్తున్నాయి. కాటమరాజు మందలో సగం పోయింది. వాగు పక్కన గుంటలు తవ్వి పూడుస్తున్నారు, గాలి అటు నుంచి వస్తే అన్నం తినలేం. నిన్న మునసబు వచ్చి, బుధవారం నుంచి మూడు రోజులు బడి మూసేయమన్నాడు. ఊరు కడుతున్నారట. తెల్లవారకముందు మగవాళ్ళు మేకపోతును కోసి, ఆ నెత్తురు కలిపిన అన్నం పొలిమేర చుట్టూ పొలి చల్లుతూ రోగాన్ని తరుముతారట. ఆ చుట్టు పూర్తయ్యాక మూడు రోజులు ఎవరూ ఊరు దాటకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. దండోరా వేస్తే రోగం వింటుందని చాటింపు ఉండదట, ఇంటి పెద్దల చెవిలో మాత్రం చెబుతారట. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

నాకు కలిసొచ్చింది. ఆ మూడు రోజులూ పొదిలిలో ఉపాధ్యాయుల మీటింగు. మంగళవారం బండిలో పోతున్నాను. మిషను బంగళాలో దిగుతాను. పోలమ్మ ఒక్కతే పోవడానికి జంకుతోంది. మానితే కాళ్ళు మళ్ళీ బరువెక్కుతాయని గట్టిగా చెప్పి, ఒక్కరోజు కూడా మానవద్దని ఒట్టు వేయించుకున్నాను. గజ్జెల కర్ర తన దగ్గరే ఉంచాను, తోడుగా ఉంటుందని.

ప్రేమతో
విజయ


మార్కాపురం,
12 సెప్టెంబరు 1928, బుధవారం, మధ్యాహ్నం

విజయా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. దీన్ని పొదిలికి పంపుతున్నాను. అందగానే మీటింగు వదిలేసి బయలుదేరు.

నిమ్మకాయ దిష్టికి కాదమ్మా. తలుపులు వేసుకున్నది మర్యాదకు కాదు, మీకు భయపడి. నువ్వు చదువుకున్నదానివి, నీకెట్లా తెలియలేదు? నిన్ను అని ఏం లాభం, కర్ర పంపింది నేను. టపా మనుషులందరికీ తెలిసిన సంగతి నీకు రాయడం మరిచిపోయినాను. కట్టు పడిన ఊరు దగ్గరికి వస్తే గజ్జెలకు గుడ్డ చుట్టేవాళ్ళం. సంచి పొలిమేర రాయి మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగేవాళ్ళం. పొలి చల్లేవాళ్ళకు ఆ వేళ గజ్జెలు వినపడితే, తరిమిన రోగం అమ్మవారి కాళ్ళతో తిరిగి వస్తోందనుకుంటారు. మా జతగాడు ఆదెయ్య ఒకసారి గుడ్డ చుట్టడం మరిచిపోయినాడు. ఒక కన్ను పోయింది. అతనికి సర్కారు బిళ్ళ ఉంది కాబట్టి ప్రాణం మిగిలింది.

పోలమ్మకు కట్టు సంగతి తెలుసనుకున్నావా? ఇంటి పెద్దల చెవిలో చెబుతారని నువ్వే రాసినావు. విధవరాలి చెవిలో ఎవరూ చెప్పరు. అట్లాంటి కార్యం ఆమె చెవిన పడితే చెడుతుందంటారు. ఆ ఊళ్ళో ఆమెకు చెప్పగల మనిషివి నువ్వొక్కదానివే.

ఇది రాస్తుంటే ఇంత పొద్దెక్కింది. పొద్దుటి నడక ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ప్రభువు ఆమెను కాచుగాక.

నాయన


ఎర్రగట్టుపల్లె,
16 సెప్టెంబరు 1928, ఆదివారం

నాయనా,

నీ ఉత్తరం గురువారం సాయంత్రం అందింది. బండి దొరక్క శుక్రవారం పొద్దున బయలుదేరాను. పొలిమేర దగ్గర కర్రలు పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. కట్టు విడిచేదాకా, పొద్దు గుంకేదాకా నన్ను లోపలికి రానివ్వలేదు. అక్కడే రాయి మీద కూర్చున్నాను. పోలమ్మ ఏదని నలుగురినీ అడిగాను.

శ్రీశైలమ్మవ్వ చెప్పింది. బుధవారం పొలి చల్లేవాళ్ళు సగం పొలిమేర తిరిగేసరికి ముందు నుంచి గజ్జెలు వినపడ్డాయట. పంతులమ్మ పొదిలి పోయింది కదా, మరి ఈ గజ్జెలు ఎవరివని అందరూ నిలబడిపోయారట. మసకలో కర్ర తాటించుకుంటూ పోలమ్మ వాళ్ళకు ఎదురొచ్చింది. నవ్వుతూ వచ్చిందట నాయనా. ఎదురుగా నెత్తురన్నం గంపలు, కత్తి పట్టుకున్న బావ కాటమరాజు.

మొదటి రాయి ఎవరు వేశారో తెలియదు. రెండోది తలకు తగిలింది. పోలమ్మ కర్ర అక్కడే పారేసి ఉరికింది. ఆరుగురు మగవాళ్ళు తరిమారు. "ఒక్కడికీ దొరకల్యా పంతులమ్మా" అని చెప్పింది అవ్వ. "గట్టెక్కి అవతలికి దూకి తిప్పల్లోకి పోయినాదంట. ఆడది అట్ల ఉరుకుతాదా? అది పోలమ్మ కాదు, లోపల ఇంకోటి జొరబడినాదంటుండారు." ఉరకడం నేర్పింది నేనే. దాని వల్ల బతికింది, దాని వల్లే మనిషి కాకుండా పోయింది.

నిన్నంతా తిప్పల్లో వెతికాను. గట్టు అవతల ఒక రాతి మీద నెత్తురు ఎండి ఉంది. ఇంకేం లేదు. నాలుగు రోజులయింది, చిరుత ఉందన్నావు. కాటమరాజు నన్ను చూసి శాంతంగా, "నీ మింద మాకేం కోపం లేదు పంతులమ్మా. నువ్వు సర్కారు మనిషివి" అన్నాడు. ఆ మాట వినలేక లోపలికి వచ్చేశాను.

మునసబు నాకు చెప్పిన రోజే పోలమ్మతో ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. ఈ ఊరి మనిషి కదా, నాకన్నా ముందే తెలుసుంటుందనుకున్నాను. ఒట్టు కూడా వేయించుకున్నాను. నేను ఏం చేయను నాయనా?

విజయ


మార్కాపురం,
24 సెప్టెంబరు 1928

తల్లీ,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు మోసిన సంచిని మొదటిసారి నమ్మలేకపోతున్నాను. అటు వచ్చే పాస్టరు గారి చేతికిస్తున్నాను. ఆయన కోసమే ఇన్నాళ్ళు ఆగవలసి వచ్చింది, నువ్వు పడే బాధ తెలిసి కూడా. చదివి పొయ్యిలో వేయి.

పోలమ్మ మా ఇంట్లో ఉంది.

పదునాలుగో తేదీ సాయంత్రం వచ్చింది. గుమ్మంలో నిలబడి, "టపా ఇశ్రాయేలు నాయన ఇల్లు ఇదేనా?" అని అడిగింది. మీ అమ్మ లోపలికి తీసుకుని పాదాలు కడిగింది. మూడుసార్లు నీళ్ళు మార్చాల్సి వచ్చింది. తల మీద గాయం మానుతోంది. ఇరవై ఆరు మైళ్ళు, తెలియని దారి, తిండి లేదు. దారిలో ఎక్కడికని అడిగిన ప్రతివాడికీ ఒకటే జవాబు చెప్పిందంట, మార్కాపురం, టపా ఇశ్రాయేలు ఇంటికని. పని మీద పోయే మనిషిలే అని వదిలేసినారు. నువ్వు నా దీవెనలు చెప్పినప్పుడు ఆ పేరు గుర్తుపెట్టుకుందంట.

నీకు ఇంతకన్నా మంచి మాట రాయాలని ఉంది. రాయలేను. పది రోజులయింది, పిల్ల గడప దాటలేదు. గోడకు ఆనుకుని కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. పెరట్లోకి రమ్మన్నా రాదు. నిన్న మీ అమ్మ బలవంతాన లేపితే, "నా కాళ్ళు చెడ్డయి అమ్మా, కదిలితే ఎవురికో ఏమో అవుతాది" అని మళ్ళీ కూర్చుంది. పాదాలు మళ్ళీ నీరు పడుతున్నాయి. రాళ్ళు వేసినవాళ్ళు ఆమె కాళ్ళను పట్టుకోలేకపోయినారు, అయినా కట్టేసినారు.

నిన్ను అనలేను, నన్నూ అనుకోలేను. మనం ఇద్దరం కలిసి చేసినాం.

నాయన


ఎర్రగట్టుపల్లె,
7 అక్టోబరు 1928

నాయనా,

ఆమె బతికి ఉందని చదివి చావడిలో పిల్లల ముందే ఏడ్చాను. ఈ ఉత్తరం కూడా పాస్టరు గారే తెస్తున్నారు. తొందరగా చదువు.

జీవాలు చావడం ఆగిపోయింది. పోలమ్మను తరిమిన వారం తర్వాత ఒక్క గొర్రె కూడా పడలేదు. చావాల్సినవన్నీ చచ్చాయి, మిగిలినవి తట్టుకున్నాయి, అంతే. ఆ మాట నేను ఎవరికి చెప్పినా తల ఊపి పోతున్నారు. వాళ్ళకు రుజువు దొరికింది. ఊరంతా సంతోషంగా ఉంది నాయనా, నాకు భయం వేస్తున్నది ఆ సంతోషాన్ని చూసే.

శుక్రవారం డ్రిల్లు పెట్టాను. నడవండి అంటే ఒక్క పిల్ల కూడా కదలలేదు. పని లేకుండా కాలు కదిపితే గొర్రెలు చస్తాయని అమ్మ చెప్పిందని ఒక పిల్ల అంది. ముప్ఫై ఒక్క మంది నేల మీద కూర్చుని నా వంక చూశారు. నేను కూడా కుర్చీలో కూర్చున్నాను. అప్పటి నుంచి పొద్దున్నే లేస్తున్నాను, గది తలుపు తీస్తున్నాను, బయటికి పోలేకపోతున్నాను.

అసలు సంగతి ఇది. నిన్న పొదిలి సంత నుంచి వచ్చినవాళ్ళు, తల మీద గాయంతో ఒక ఆడమనిషి మార్కాపురంలో టపా ఇశ్రాయేలు ఇంటికని చెప్పి పోయిందని దారి పల్లెల్లో విన్నారట. కాపాడిన జవాబే జాడ చెప్పింది. కాటమరాజు ఇవాళ నా గది దగ్గరికి వచ్చి, "మీ నాయన పేరేంది పంతులమ్మా?" అని నవ్వుతూ అడిగాడు. నేను చెప్పలేదు. వాళ్ళకు తెలుసు. ఆమె బతికి ఉన్నంత కాలం రోగానికి ఊరి దారి తెలిసినట్టేనట. తీసుకొచ్చి పొలిమేరలో తీర్చాల్సింది తీరుస్తారట. అతని అల్లుడు నాగులు, పాలేరు యల్లయ్య తెల్లవారకముందే బయలుదేరారని అవ్వ చెప్పింది.

ఆమెను ఎక్కడికైనా పంపించు. గిద్దలూరులో చిన్నత్త ఉంది కదా. బయట ఎవరికీ కనపడనివ్వకు.

విజయ


మార్కాపురం,
11 అక్టోబరు 1928, గురువారం

తల్లీ విజయా,

నీ ఉత్తరం వచ్చేసరికి వాళ్ళిద్దరూ వచ్చి రెండు రోజులయింది. మన వీధిలో కొట్టు అరుగు మీద కూర్చుంటున్నారు. ఎవరినీ ఏమీ అడగరు. మన గుమ్మం వైపు చూస్తుంటారు. మిషను దొరగారికి చెప్పినాను, పోలీసు ఠాణాకూ పోయినాను. అరుగు మీద కూర్చోవడం ఏం నేరమని అడిగినారు. చిన్నత్త దగ్గరికి రైల్లో పంపుదామని మూట కూడా కట్టింది మీ అమ్మ.

ఈ పొద్దు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పది గంటల వేళ. పోలమ్మ తలుపు సందులోంచి చాలాసేపు వాళ్ళను చూసింది. లోపలికి పో తల్లీ అని చెప్పినాను. పోలేదు. చీర సర్దుకుంది. తలుపు రెండు రెక్కలూ తీసింది. నేను చేయి పట్టుకున్నాను. విదిలించలేదు, మెల్లగా తీసేసుకుంది. ఇరవై ఏడు రోజుల తర్వాత గడప దాటింది.

ఉరుకుతుందనుకున్నాను. ఉరకలేదమ్మా, నడిచింది. ఖాళీ చేతులతో, తల ఎత్తి, వీధి నడుమన, ఎవరి కోసమూ తొందర లేనట్టు. మొదటి పది అడుగులు కుంటింది. తర్వాత అడుగు కుదురుకుంది. కొట్టు ముందుకు వచ్చేసరికి నాగులు లేచి నిలబడినాడు. ఆమె ఆగలేదు, పక్కకు తప్పుకోలేదు, అతని ముఖంలోకి చూస్తూ దాటిపోయింది. పలకల పనికి పోని మనుషులు ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చి నిలబడినారు. వీధి చివరి దాకా పోయి తిరిగి వచ్చింది. రెండోసారి దాటేటప్పుడు యల్లయ్య కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

ఇంట్లోకి వచ్చి కూర్చుంది. రెండు చెంబుల నీళ్ళు తాగింది. తర్వాత, "నాయనా, ఆ పొద్దు వాళ్ళకు నా వీపు చూపిచ్చినా. ఈ పొద్దు మొగం చూపిచ్చినా" అంది. మీ అమ్మ గిద్దలూరు రైలు మాట ఎత్తితే, "పోనమ్మా. రేపు పొద్దున మళ్ళీ నడుస్తా. ఒళ్ళు తేలికయినాది, నీకెట్ల చెప్పేది" అని ఏడుస్తూ నవ్వింది. నేను వద్దనలేకపోయినాను. నాకు భయంగా ఉంది విజయా, నీకు అబద్ధం రాయను. అయినా వద్దనలేకపోయినాను.

ఇప్పుడు దీపాలు పెట్టే వేళ. ఆ ఇద్దరూ ఊరు విడిచి పోలేదు, సాయంత్రానికి ఇంకొకడు వచ్చి కలిసినాడు. పోలమ్మ గడప దగ్గర కూర్చుని, కాళ్ళకు అడ్డం పడకుండా చీర అంచు పైకి మడిచి కుట్టుకుంటోంది.

నీ నాయన
ఇశ్రాయేలు